ప్యాక్‌హార్స్‌లో ఆరని నిప్పు

మా పబ్ బోర్డు మీద ఒక గుర్రం బొమ్మ ఉంటుంది. మూపున రెండు ఉన్ని మూటలు, వేలాడేసిన తల. ఆ బొమ్మను బట్టే పబ్‌కి ప్యాక్‌హార్స్ అని పేరు. పెళ్ళయి ఆంబర్‌స్టోక్ వచ్చిన కొత్తలో నేను ఆ గుర్రాన్ని చూసి జాలిపడేదాన్ని. ముప్ఫై ఏళ్ళు పోయాక జనం ముందు దాన్నీ, తర్వాత నన్నూ చూసి ఏమీ అనకుండా బీరు అడిగి పుచ్చుకునేవాళ్ళు. చూసీ చూడనట్టు ఊరుకోవడంలో మా ఊరివాళ్ళని మించినవాళ్ళు ఇంగ్లండులోనే లేరు. ఆ గుణం ఒక మనిషిని ఎంత హూనం చేయగలదో నాకు ఆఖరి వారంలో గానీ తెలియలేదు.

పబ్‌లో ఒక పెద్ద పొయ్యి ఉంది. మనిషి వంగి లోపలికి దూరొచ్చు. దాని మీది ఓక్ దూలం మీద "1788 నుంచి ఈ నిప్పు ఆరలేదు" అని చెక్కి ఉంటుంది. జులైలో చెమటలు కారుతున్నా సరే, ఆ పొయ్యిలో నిప్పు ఉండాల్సిందే. వేసవిలో బస్సుల మీద వచ్చే యాత్రికులు దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకుని, కథ చెప్పమని అడిగేవాళ్ళు. చెప్పడం పబ్ నడిపేవాళ్ళ పని. అంటే నా పని.

కథ ఇదీ. పూర్వం ఉన్ని మూటలు మోసే గుర్రాల బారులు కొండ దాటి మా సంతకి వచ్చేవి. తోలుకొచ్చేవాళ్ళు వానకి తడిసి ముద్దయి ఈ పొయ్యి ముందు ఒళ్ళు ఆరబెట్టుకునేవాళ్ళు. ఒక చలికాలం రాత్రి నిప్పు ఆరిపోయి, తడిబట్టలతో పడుకున్న ఒకడు తెల్లారేసరికి కొయ్యబారిపోయాడు. అప్పటి యజమాని జోసయా పిమ్, నా గుమ్మంలో ఇక నిప్పు ఆరదని ఒట్టు పెట్టుకున్నాడు. తర్వాత పెద్ద వరద వచ్చింది. పిమ్ కొడుకు కణికల్ని ఇనప కుండలో పెట్టుకుని చర్చి గోపురం ఎక్కి, నీళ్ళు తీశాక దిగి వచ్చి మళ్ళీ పొయ్యిలో పోశాడు. కాలవ వచ్చింది, పడవలవాళ్ళు వచ్చారు. రైలు వచ్చింది, పడవలవాళ్ళు పోయారు. యుద్ధంలో బాంబు విమానాలకి వెలుగు కనపడకుండా కిటికీలకి నల్లగుడ్డ కట్టి మరీ నిప్పు కాపాడారు. 1963 చలికాలంలో నేలమాళిగలో బీరు గడ్డకట్టింది గానీ నిప్పు మాత్రం ఆరలేదు. ఇక్కడ నేను కాస్త ఆగేదాన్ని. యాత్రికులు "ఆహా" అనేవాళ్ళు. తర్వాత వాళ్ళకి చేపలు, వేయించిన బంగాళాదుంపలు వడ్డించేదాన్ని.

ఆ కథ వెనక ఉన్న చాకిరీ ఎవరూ అడగలేదు. రాత్రి మూసే వేళయిందని ఆఖరి గంట కొట్టి, జనాన్ని పంపించి, గ్లాసులు కడిగాక, బొగ్గులన్నీ ఒకచోటికి చేర్చి పైన బూడిద కప్పాలి. మరీ ఎక్కువ కప్పితే ఊపిరాడక చస్తుంది, తక్కువ కప్పితే కాలిపోయి చస్తుంది. రాత్రి రెండు గంటలకి లేచి కిందికి దిగి చూసుకోవాలి. మళ్ళీ పొద్దున్నే లేచి బూడిద తోడాలి. మొదటి ఏడాది ఈ పని నా భర్త లెన్ చేసేవాడు. పీపాలు దించుతూ నడుం పట్టేసుకున్నాక నా మీద పడింది. ఇక అంతే. మా చెల్లి ఐరిస్ పెళ్ళికి పొద్దున వెళ్ళి కేకు కూడా తినకుండా సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాను. సముద్రం చూసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. రాత్రంతా ఒక్క కునుకుగా పడుకోవడం ఎలా ఉంటుందో కూడా మర్చిపోయాను.

మరి ఎందుకు చేశావంటే, నేను నాటింగ్‌హామ్ దాన్ని. లేసు మిల్లులో పనిచేస్తూ, సినిమాలకి తిరుగుతూ పెరిగినదాన్ని. ఈ ఊరు నాకు నచ్చలేదు. మొదటి ఏడాది వారానికోసారి పెట్టె సర్దుకునేదాన్ని. ఒక సాయంత్రం లెన్ నేలమాళిగలో ఉండగా, ఎవరో దంపతులు అడిగితే నిప్పు కథ నేను చెప్పాల్సొచ్చింది. వాళ్ళు నోరెళ్ళబెట్టి విన్నారు. ఈ ఊళ్ళో నాదంటూ ఒకటుందని ఆ రోజే అనిపించింది. పెట్టె మంచం కిందికి తోసేశాను.

లెన్ పోయి నాలుగేళ్ళయింది. ఆసుపత్రిలో ఆఖరి మాటగా నా చెయ్యి పట్టుకుని "నిప్పు చూసుకో" అన్నాడు. అంతకన్నా మంచిమాట ఏదైనా అని ఉండొచ్చు. కానీ లెన్ అలాంటివాడే.

ఈ ఏడు నా మోకాళ్ళు సమ్మె కట్టాయి. పబ్ బీరు కంపెనీవాళ్ళది, మేము అద్దెకి నడిపేవాళ్ళం. ఇక నావల్ల కాదని వాళ్ళకి చెప్పాను. లెస్టర్ నుంచి ఒక కుర్ర జంటని కుదిర్చారు. హేజల్, మార్టిన్. అక్టోబరు ఆఖరి శుక్రవారం తాళాలు అప్పజెప్పి, మేబుల్‌థార్ప్‌లో సముద్రం దగ్గర ఉన్న ఐరిస్ ఇంటికి వెళ్ళిపోవాలి. నాకు మిగిలిన కోరిక ఒక్కటే. నిప్పు నా చేతిలో ఆరకూడదు. బతికున్న నిప్పుని ఇంకొకళ్ళ చేతికిచ్చి, లెన్‌కి ఇచ్చిన మాట నిలబెట్టుకుని, ఆ తర్వాత మంచం మీద పడి ఎన్నాళ్ళయినా నిద్రపోవాలి.

ఆ వారం సోమవారం నాకు జ్వరం పట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోతున్నా రాత్రి బూడిద కప్పి, మాత్ర మింగి, వేడినీళ్ళలో నిమ్మకాయ, చెంచాడు విస్కీ కలుపుకుని తాగి పడుకున్నాను. చెంచాడు కన్నా ఎక్కువే పడి ఉంటుంది. కళ్ళు తెరిచేసరికి కర్టెన్ చుట్టూ తెల్లటి వెలుతురు.  చెప్పుల్లేకుండా మెట్లు దిగాను.

పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఇనప చువ్వతో కెలికాను. తర్వాత చెయ్యే పెట్టాను. మోచేతి దాకా బూడిదలోకి దూర్చి అడుగు రాళ్ళ వరకూ వెతికాను. ఒక్క కణిక లేదు. రాళ్ళు కూడా చల్లబడిపోయాయి. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు. ఇక్కడే ఈ బూడిద పక్కనే పడుకుని ఇంకాస్త నిద్రపోతే బాగుండు అనిపించింది. ఆ తర్వాత లెన్ చెయ్యి గుర్తొచ్చింది. అప్పుడు వచ్చింది ఏడుపు.

పుల్ల గీసి అంటించి నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన రాలేదని అనను. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. కానీ శుక్రవారం ఆ పిల్ల హేజల్ నా ఎదురుగా నిలబడి అడుగుతుంది. కిందటి నెల చూడ్డానికి వచ్చినప్పుడు దూలం మీది అక్షరాల్ని వేలితో తడిమింది. ఆ ముఖం చూసి అబద్ధం ఆడగలిగే ఓపిక నాకు లేదు. అబద్ధానికి కూడా ఓపిక కావాలి.

ఎవరితోనైనా చెప్పుకోవాలి. లెన్ లేడు. మా కన్నా ముందు ప్యాక్‌హార్స్ నడిపిన మిసెస్ ప్రాబర్ట్ ఇంకా బతికే ఉంది, తొంభై దాటి, పక్క ఊళ్ళో వృద్ధాశ్రమంలో. ఆ నిప్పు నాకన్నా ముందు కాసింది ఆవిడే. తిట్టినా ఆవిడే తిట్టాలి అనుకున్నాను. తలుపు మీద "ఒంట్లో బాగాలేదు, సాయంత్రం తెరుస్తాను" అని అట్టముక్క తగిలించి, కోటు మీద శాలువా చుట్టుకుని బస్సెక్కాను.

మిసెస్ ప్రాబర్ట్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఒక్కతే పేకాడుకుంటోంది. చెవులు బాగానే పనిచేస్తాయి, మోకాళ్ళే పోయాయి. ఈ పబ్ అందరి మోకాళ్ళనీ తిన్నట్టుంది. ఎదురుగా కూర్చుని ఉపోద్ఘాతం లేకుండా చెప్పేశాను.

"ఆరిపోయిందండీ."

ఆవిడ ముక్క బల్ల మీద పెట్టింది. "ఏది, ఎనిడ్?"

"నిప్పు. నిన్న రాత్రి నిద్రపట్టేసింది. నా చేతిలో ఆరిపోయింది."

"మళ్ళీనా?" అంది ఆవిడ.

నాకు అర్థం కాలేదు. జ్వరం వల్ల తప్పుగా వింటున్నానేమో అనుకున్నాను. ఆవిడ నా వంక తేరిపార చూసి, ముక్కలన్నీ పక్కకి నెట్టి, ఆయాని పిలిచి ఇద్దరికీ టీ తెమ్మంది.  టీ వచ్చాక చెప్పడం మొదలుపెట్టి ఆగలేదు.

ఆవిడ కోడలుగా ప్యాక్‌హార్స్‌కి వచ్చిన మొదటి వారంలోనే నిప్పు ఆర్పేసిందట. ఏడుస్తూ కూర్చుంటే మామగారు వచ్చి చూసి, నోరు మెదపకుండా పుల్లలు పేర్చి అంటించి, "మా అమ్మ ఆర్పినప్పుడు మా నాన్నా ఇదే చేశాడు" అన్నాడట. యుద్ధకాలంలో బొగ్గు రేషను. రెండు చలికాలాలు సాయంత్రం పూట మాత్రమే వెలిగించేవాళ్ళు. వరదలో కణికల కుండ కథ చెబితే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. మండే కుండ చేత్తో పట్టుకుని ఆ గోపురం మెట్లు ఎవడైనా ఎక్కుతాడా, వాడు మోసుకెళ్ళింది బ్రాందీ జాడీ అంది. మరి తడిబట్టలతో చచ్చిపోయినవాడు? వాడు తాగి చచ్చాడు.

"మరి దూలం మీద చెక్కించిన సంవత్సరం?" అని అడిగాను.

"అది మా మామగారి ప్రతాపం. ఎదురుగా క్రౌన్ పబ్‌వాళ్ళు బిలియర్డ్స్ బల్ల తెచ్చిపెట్టారు. జనమంతా అటు పోయారు. ఈయన వడ్రంగిని పిలిచి ఆ అక్షరాలు చెక్కించాడు. 1788 ఎందుకంటే, వడ్రంగికి ఎనిమిది బాగా చెక్కడం వచ్చట." ఆవిడ టీ చప్పరించింది. "అరవై మూడులో బీరు గడ్డకట్టిందని చెబుతావు కదా యాత్రికులకి. పైన అంత నిప్పు మండుతుంటే కింద బీరెందుకు గడ్డకడుతుందే? ఒక్కసారి కూడా అనుమానం రాలేదా నీకు? ఆ నెలంతా పొగగొట్టంలో మంచు కూరుకుపోయింది. పొయ్యి వెలిగిస్తేగా."

నేను కప్పు పట్టుకుని కూర్చున్నాను.   ఇన్నేళ్ళూ ఎవరూ నాతో ఈ ముక్క ఎందుకు చెప్పలేదని అడిగాను.

"లెన్‌కి చెప్పానుగా. తాళాలిచ్చిన రోజే చెప్పాను. గుత్తితో పాటు అగ్గిపెట్టె చేతిలో పెట్టాను. మా అత్తగారు నాకిచ్చినట్టే."

ఆ అగ్గిపెట్టె నాకు గుర్తుంది. గ్యాస్ పొయ్యి కోసం ఇచ్చిందనుకుని వాడి పారేశాను.

"నీకు చెప్పొద్దన్నాడు," అంది మిసెస్ ప్రాబర్ట్. ఇప్పుడు ఆవిడ గొంతులో నవ్వు లేదు. "ఒక ఏడాది పోయాక కనిపిస్తే అడిగాను, ఇంకా చెప్పలేదా ఆ పిల్లకి అని. ఎనిడ్‌కి ఈ ఊళ్ళో నచ్చింది ఆ నిప్పొక్కటే, అది కూడా ఉత్తిదే అని తెలిస్తే పెట్టె పట్టుకుని వెళ్ళిపోతుంది అన్నాడు. నన్ను బతిమాలాడమ్మా."

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. లెన్ మీద అంత కోపం బతికున్నప్పుడు కూడా రాలేదు. ఆయన నడుం బాగున్న రోజుల్లో రెండింటికి లేచేవాడో లేదో ఇప్పుడు నాకు అనుమానమే. లేచినట్టు చప్పుడు చేసి మళ్ళీ పడుకునేవాడేమో. నా వంతు వచ్చాక మాత్రం, పక్కన పడుకుని, నేను చలిలో లేచి వెళ్ళడం చూస్తూ ఊరుకున్నాడు. నేను వెళ్ళిపోతానని భయం. ఉండమని నోరు తెరిచి అడిగితే ఉండేదాన్ని. రోజూ నిద్ర చెడగొట్టడం కన్నా అది తేలికే కదా. కానీ ఆంబర్‌స్టోక్‌లో పుట్టినవాడు నోరు తెరిచి అడగడు. "నిప్పు చూసుకో" అన్న మాటకి ఆయన ఉద్దేశం ఏమిటో ఇప్పుడు ఎవరిని అడగను?

బస్సు దిగి సంత వీధి మలుపు తిరిగేసరికి మా పొగగొట్టం కనిపించింది. పొగ వస్తోంది.

వెనక తలుపు తీసే ఉంది. తాళంచెవి బొగ్గుల బకెట్ కింద ఉంటుందని ఊరందరికీ తెలుసు. లోపల పొయ్యి ముందు సిరిల్ టాండీ బల్ల మీద కూర్చుని పుల్లలు సర్దుతున్నాడు. సిరిల్ మా ఊరి పాత పోస్ట్‌మ్యాన్. మొదట తండ్రి పక్కన, తర్వాత ఒంటరిగా, రోజూ పదకొండింటికి వచ్చి అదే బల్ల మీద కూర్చుంటాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను. నేనూ కూర్చున్నాను.

"ఒంట్లో బాగాలేదని రాశావు," అన్నాడు. "తడి మొద్దులు పెట్టావేమో, సరిగ్గా మండట్లేదని కాస్త ఎగదోశాను."

"సిరిల్, అది చచ్చి పడుంది. ఎగదోయడమేంటి."

వాడు మంట వైపే చూస్తూ కూర్చున్నాడు. అబద్ధం పట్టుబడితే మా ఊరివాళ్ళు మంట వైపో బీరు వైపో చూస్తారు. నేను మిసెస్ ప్రాబర్ట్ దగ్గరికి వెళ్ళొచ్చానని చెప్పాను. అప్పుడు పుల్లలు కింద పెట్టేశాడు.

"ఇది మొదటిసారా నువ్వు అంటించడం?" అని అడిగాను.

కాదని తల అడ్డంగా ఊపాడు. లెన్‌ని పాతిపెట్టిన రోజు పొద్దుటి నుంచి నేను పొయ్యి వైపు చూడలేదు. శ్మశానం నుంచి సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే నిప్పు కణకణలాడుతోంది. లెన్ చూసుకున్నాడనుకున్నాను. పిచ్చిదాన్ని, ఆ మాట బార్‌లో అందరితో చెప్పాను కూడా. అందరూ తలలూపారు. ఆ రోజు ప్రార్థన సగంలో లేచి వెనక నుంచి జారుకుని, నల్ల సూటు మసి చేసుకుని నిప్పు అంటించింది సిరిల్. సూటు మీద మసి ఏమిటని వాళ్ళావిడ తిట్టిందట గానీ, సంగతి తెలిశాక మళ్ళీ ఎత్తలేదట.

"ఇంకా ఎవరికి తెలుసు?"

"ఎవరికేంటమ్మా. పొగగొట్టం ఊళ్ళో అందరికీ కనిపిస్తుందిగా. పొగ రాకపోతే ఆరిందని, వస్తే వెలిగించారని. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే."

"నేను రెండింటికి లేస్తానని కూడా తెలుసా?"

"మెట్ల కిటికీలో లైటు కనపడుద్ది. మా ఆవిడ చూసి, పాపం ఎనిడ్ అనేది."

కడుపు మండిపోయింది. ఊరు ఊరంతా కిటికీలోంచి చూసి, పాపం అనుకుని, అటు తిరిగి పడుకుంది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ముప్ఫై ఏళ్ళు, సిరిల్. నేను మనిషిలా నిద్రపోయి ముప్ఫై ఏళ్ళయింది. ఒక్కడంటే ఒక్కడు, ఎనిడ్, పడుకో, ఆరితే పొద్దున అంటిద్దాం అని చెప్పలేకపోయారా?"

సిరిల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నువ్వు ఆ కథ చెప్పేటప్పుడు నీ మొహం వెలిగిపోయేది. మిగతా టైములో అంతగా ఉండదు. నీకదంటే ప్రాణం అనుకున్నాం. మనకెందుకులే, మనిషిని చిన్నబుచ్చడం అనుకున్నాం." టోపీ అంచు నిమిరి అన్నాడు, "తప్పేలే."

ఆంబర్‌స్టోక్‌లో తప్పు అని ఒకడు ఒప్పుకోవడం నేను అదే వినడం. నాకు కోపం పోలేదు. కానీ వాడి వేళ్ళు మసితో నల్లగా ఉన్నాయి. డెబ్బై ఎనిమిదేళ్ళవాడు, వంగి మొద్దులు మోశాడు. లేచి ఒక గ్లాసు బీరు పోసి వాడి ముందు పెట్టి, పైకి వెళ్ళి పడుకున్నాను. ఆ సాయంత్రం పబ్ తెరవలేదు. రెండింటికి మెలకువ వచ్చింది. కిందికి దిగలేదు, కళ్ళు తెరుచుకుని తెల్లారేదాకా అలాగే పడుకున్నాను.

శుక్రవారం బీరు కంపెనీ మనిషి వచ్చి పీపాలు చూసుకుని సంతకాలు పెట్టించుకున్నాడు. నన్ను సాగనంపడానికి అలవాటుగా వచ్చేవాళ్ళంతా పదకొండింటికే వచ్చి కూర్చున్నారు. సిరిల్ తన బల్ల మీద ఉన్నాడు. హేజల్, మార్టిన్ పెట్టెలు దింపుకున్నారు. మార్టిన్ ఎత్తుగా, హుషారుగా ఉన్నాడు. రాగానే దూలం దగ్గరికి పోయి అక్షరాల మీది దుమ్ము తుడిచాడు. హేజల్ మాత్రం నా దగ్గరికి వచ్చి చేతిసంచీలోంచి అలారం గడియారం తీసింది. నెత్తిన రెండు చిన్న గంటలున్న పాతకాలం రకం. కొత్తగా కొన్నదట.

"రెండింటికా, రెండున్నరకా అండీ లేవాల్సింది?" అంది. "నాకు మొద్దునిద్ర. నా చేతిలో ఆరిపోతుందేమోనని వారం నుంచీ భయంగా ఉంది. మార్టిన్ నేను లేస్తానంటాడు గానీ, లేవడు. నాకు తెలుసు."

పబ్‌లో అందరూ గ్లాసులు కింద పెట్టారు. వింటున్నారు. సిరిల్ నా వైపు చూశాడు. వద్దన్నట్టా, కానివ్వమన్నట్టా, నాకు తెలియలేదు. తాళాలతో పాటు అగ్గిపెట్టె చేతిలో పెట్టేసి, నవ్వి, ఊరుకోవచ్చు. మిసెస్ ప్రాబర్ట్ అత్తగారి నుంచీ అలాగే జరిగింది. అర్థమైనవాళ్ళకి అర్థమవుతుంది, కానివాళ్ళు నాలా లేస్తారు.

పొద్దునే అంగడిలో కొన్న అగ్గిపెట్టె కోటు జేబులోంచి తీసి తాళాల గుత్తి మీద పెట్టి ఆ పిల్ల చేతికిచ్చాను.

"ఇది ఆరుతుంది, తల్లీ," అన్నాను, అందరికీ వినపడేలా. "నిన్నగాక మొన్న నా చేతిలో ఆరింది. అంతకుముందు అందరి చేతుల్లోనూ ఆరింది. ఆరితే పొద్దున లేచి వెలిగించుకో. రాత్రి పడుకో. నాకెవరూ చెప్పలేదు, అందుకని నీకు చెబుతున్నా."

 అందరూ బీరు వైపు చూస్తున్నారు. మార్టిన్ ముఖం వాడిపోయింది. అయితే ఆ అక్షరాలు అబద్ధమా, యాత్రికులకి ఏం చెప్పాలి అని అడిగాడు. నీ ఇష్టం నాయనా, నేను మాత్రం నిద్రపోవడానికి వెళ్తున్నా అన్నాను.  హేజల్ భుజాలు కిందికి దిగాయి. గడియారాన్ని మళ్ళీ సంచీలో పెట్టుకుంది.

ఐరిస్ ఇంట్లో పొయ్యి లేదు, గోడకి గ్యాస్ హీటర్ ఉంది. మీట నొక్కితే వెలుగుతుంది, నొక్కితే ఆరుతుంది. అయినా రోజూ రాత్రి రెండింటికి నాకు మెలకువ వచ్చేది. కాళ్ళు వాటంతటవే మంచం దిగి చెప్పులు వెతికేవి. వరండాలో తచ్చాడుతుంటే ఐరిస్ లేచి, ఇంట్లో దొంగ పడ్డాడనుకున్నానే అని విసుక్కునేది. డాక్టరు మాత్రలు రాశాడు. పనిచేయలేదు. అలవాటు పడిన ఒళ్ళు, ఉద్యోగం పోయిందంటే నమ్మదు.

నవంబరు నెలాఖరున సిరిల్ ఫోన్ చేశాడు. ఫోన్‌లో మాట్లాడటం వాడికి చేతకాదు, అరుస్తాడు. ముందు వాన గురించి అరిచాడు. తర్వాత వాళ్ళావిడ పిక్కల నొప్పి. ఆ తర్వాత అసలు సంగతి.

"మంగళవారం పొగ రాలేదు. పదకొండింటికి పోయి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. ఆ పిల్ల దాచలేదు ఎనిడ్. రండి రండి, రాత్రి ఆరిపోయింది, ఒళ్ళు తెలీకుండా నిద్రపోయా, పుల్లలు అందుకోండి అంది. అందరి ముందూనే. ఏం చేస్తాం, అందరం లేచాం. బస్సులో వచ్చిన వాళ్ళు కూడా తలో పుల్ల వేశారు. మార్టిన్ ఫొటో తీశాడు. దూలం మీద అక్షరాలు మాత్రం ఉంచేశారు." గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ పిల్ల మొహం చూస్తే ముచ్చటేసింది. బాగా నిద్రపోయినట్టుంది."

సంతోషించాలి కదా. నాకు ముందు అసూయ కలిగింది. అంత తేలికా అది? ఆరిపోయింది, పుల్లలు అందుకోండి. ఆ రెండు మాటలు అనడం చేతకాక నేను ముప్ఫై చలికాలాలు చన్నీళ్ళలాంటి నేల మీద నడిచాను. లెన్ అంతకన్నా చిన్నమాట అనలేక నన్ను నడిపించాడు. ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి భోరున ఏడ్చాను. ఐరిస్ ఏమైందని అడిగింది. మా ఊళ్ళో నిప్పు ఆరిపోయిందట అన్నాను. అయ్యో అంది. అయ్యో ఏమీ లేదు, మళ్ళీ వెలిగించుకున్నారు అన్నాను.

ఆ రాత్రి ఎప్పుడు పడుకున్నానో తెలియదు. ఐరిస్ వచ్చి భుజం తట్టి టీ చల్లారిపోతోందని లేపింది. గడియారం చూస్తే పది దాటింది.